నా సైన్యాన్ని సాగనంపిన రోజులు

మెడకు తీయించిన ఎమ్మారై రిపోర్టు చేతికొచ్చింది 2024 ఆగస్టు 22న. సి5, సి6 పూసల మధ్య డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందన్నారు. అప్పటికే రెండు నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. "రోజూ తల వంచుకుని చేసే పనేమన్నా ఉందా అమ్మా?" అని డాక్టరుగారు అడిగితే ల్యాప్‌టాప్ పని అన్నాను. పక్కనున్న మా ఆయన "రాత్రిళ్లు బొమ్మలకు రంగులేస్తుంది సార్, రెండేసి గంటలు" అని చెప్పేశారు. ఆయన తప్పేం లేదు. నేను దాచాను, ఆయన చెప్పారు, అంతే.

ఆ బొమ్మలు వార్‌హ్యామర్ 40,000 సైనికులు. ఒక్కొక్కడు బొటనవేలంత ఉంటాడు. కాళ్లు, మొండెం, చేతులు, తుపాకి విడివిడిగా చట్రానికి అంటుకుని వస్తాయి. కత్తిరించి, గీకి, అతికించి, రంగులేసుకోవాలి. తర్వాత బల్ల మీద ఇంచుల టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేస్తూ ఆడతాం. 2011లో ఎమ్మెస్సీకి నాటింగ్‌హామ్ వెళ్లాను. ఈ ఆటను తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ ఉన్నది ఆ ఊళ్లోనే. డిసెంబరులో సాయంత్రం నాలుక్కే చీకటి పడిపోయేది. మనుషుల కోసం వెతుక్కుంటూ వెళ్లి ఆ బల్లల దగ్గర కూర్చున్నాను.

అందరూ ఇనుప కవచాల స్పేస్ మెరీన్లను కొనుక్కుంటుంటే నేను ఇంపీరియల్ గార్డును ఎంచుకున్నాను. అందులోనూ కాడియా అనే గ్రహంవాళ్లను. రాక్షసులు, యంత్రాలు, దేవతల్లాంటి యోధులు తిరిగే ఆ కథలో వీళ్లొక్కళ్లే మామూలు మనుషులు. మన పక్కింటి కుర్రాడికి టోపీ పెట్టి తుపాకి ఇచ్చినట్టుంటారు. 2017లో వచ్చిన కథలో కాడియా గ్రహమే పేలిపోయింది. ఊరు లేకపోయినా వీళ్లు మాత్రం ఆ ఊరి పేరుతోనే నిలబడి పోరాడుతున్నారు. నాకు నచ్చింది అదే.

సెప్టెంబరులో మూడు వారాలు ఫిజియోథెరపీ. నొప్పి తగ్గింది, తిమ్మిరి మాత్రం పోలేదు. హాబీ వదలకుండా ఉండాలని చేయని ప్రయత్నం లేదు. బల్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాను. స్టాండు భూతద్దం కొన్నాను, 1,850 రూపాయలు. ఇరవై నిమిషాలకోసారి ఫోన్లో అలారం పెట్టుకున్నాను. నవంబరు 17 రాత్రి ఒక సైనికుడి కనుబొమ్మ దిద్దుతుంటే వేళ్లలోంచి కుంచె జారి వాడి మొహం మీద పడింది. పడిన సంగతి నాకు శబ్దంతో తెలిసింది, వేళ్లకు తెలియలేదు. మొహం తుడిచి, అలానే పెట్టి, దీపం ఆర్పేశాను. మళ్లీ కూర్చోలేదు.

అమ్మేద్దామని గట్టిగా అనుకున్నది సంక్రాంతికి. మా అత్తగారింట్లో పండక్కి బొమ్మల కొలువు పెడతారు. ఏడు మెట్లు. పైన దశావతారాలు, సీతారాములు, నడుమ కొండపల్లి అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, కింద మెట్టు పిల్లల బొమ్మలది. 2014లో, కొత్త కోడలిగా నా మొదటి పండక్కి, అత్తయ్య నా డబ్బా మూత తీసి చూసి "రాముడికి కోతులొక్కటే సైన్యమా ఏంది, వీళ్లనీ నిలబెట్టు" అన్నారు. అప్పటినుంచి ఏటా కింది మెట్టు మీద కాడియావాళ్లు బారులు తీరేవాళ్లు. పేరంటానికొచ్చిన పిల్లలు ఏటా రెండు మూడు బాయినెట్లు విరిచేవాళ్లు. నేను దేవుడి గదిలోనే కూర్చుని ఫెవిక్విక్‌తో అతికించేదాన్ని.

2025 జనవరి 15, కనుమ సాయంత్రం బొమ్మల్ని పడుకోబెట్టి గుడ్డల్లో చుట్టేటప్పుడు చెప్పాను: "వీళ్లని ఇంక అమ్మేద్దామనుకుంటుండా అత్తా."

ఆమె చేతిలోని ఏనుగును కింద పెట్టి, "బొమ్మల్ని ఎవురన్నా అమ్ముకుంటారా అమ్మాయ్? ఇస్తారు గానీ" అన్నారు. తిట్టినట్టు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి అన్నారు. ఆ మాట తర్వాతి రెండు నెలలూ నాతోనే ఉంది.

జనవరి 18, 19 శని ఆదివారాలు లెక్కపెట్టడానికే పోయాయి. గంట పని అనుకున్నాను. కాల్బలం 124 మంది, ఇద్దరేసి మోసే పెద్ద తుపాకుల జట్లు 6, లెమన్ రస్ ట్యాంకులు 3, కిమేరా బండ్లు 2, బాసిలిస్క్ ఫిరంగి బండి ఒకటి. ఇవి రంగులేసినవి. ఇంకా సీలు తీయని బేన్‌బ్లేడ్ పెట్టె ఒకటి. అది ఈ సైన్యంలోకెల్లా పెద్ద ట్యాంకు. 2016లో మావారి స్నేహితుడు లండన్ నుంచి వస్తూ సూట్‌కేసులో తెచ్చిపెట్టాడు, దాదాపు ఎనిమిది వేలు. "బాబు కాస్త పెద్దయ్యాక చేద్దాం" అని బీరువా పైన పెట్టాను. బాబుకి తొమ్మిదేళ్లొచ్చాయి.

లెక్క ఆలస్యమైంది ఎందుకంటే, ఒక్కొక్కణ్ణి చేతిలోకి తీసుకుంటే ఆ రోజు గుర్తొస్తుంది. మా నెల్లూరు దగ్గరి మైపాడు ఇసుక సంగతే చూడండి. సైనికుడి కాళ్ల కింద గుండ్రటి బిళ్ల ఉంటుంది, దాన్ని బేస్ అంటాం. దానిమీద జిగురు రాసి ఇసుక అద్దితే నేలలా కనిపిస్తుంది. 2013లో మైపాడు బీచి నుంచి కవర్లో తెచ్చిన ఇసుకను ఊరికే ఎండబెట్టి వాడేశాను. ఆ ఏడు వానాకాలం పోయేసరికి ముప్పై మంది కాళ్ల దగ్గర తెల్లగా ఉప్పు పూసింది. మొత్తం గీకి, మళ్లీ ఇసుకను మూడుసార్లు మంచినీళ్లలో కడిగి అద్దాను. రాళ్లకేమో మార్కాపురం పలక. మా తమ్ముడి చిన్నప్పటి పలక ముక్కలైతే దాచిపెట్టి, కటింగ్ ప్లేయరుతో నలగ్గొట్టాను. పలక పొరలు పొరలుగా విరుగుతుంది కాబట్టి అంత చిన్న ముక్క కూడా కొండచరియలా ఉంటుంది. 124 మందీ నిలబడింది మన నేల మీదే.

ధర కట్టడం ఇంకో బాధ. పుస్తకంలో రాసుకున్నవన్నీ కూడితే పదమూడేళ్లలో పెట్టింది లక్షా పన్నెండు వేలు. అది చూసి ధర చెప్పకండి, కొనేవాళ్లకు దానితో పనిలేదు. 2022 చివర్లో కాడియా సైనికులకు కొత్త అచ్చులొచ్చాయి, అవి పాతవాటికన్నా కాస్త పెద్దవి. అందుకని నావాళ్లు "పాత మోడల్". ఇంకోపక్క, 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. కాబట్టి దేశంలోనే దొరికే సీలు తీయని పెట్టెకు గిరాకీ ఎక్కువ. నా సైన్యానికి 40,000, బేన్‌బ్లేడ్‌కి 9,500 అని రాసి, ఫొటోలు తీసి, ఆట ఆడే తెలిసినవాళ్లందరికీ జనవరి 26న పంపాను.

నలభై నిమిషాల్లో బేన్‌బ్లేడ్ అమ్ముడుపోయింది. ముంబై అతను బేరం కూడా ఆడలేదు, డబ్బు వెంటనే వేసేశాడు. కొన్నదానికన్నా ఎక్కువే వచ్చింది. మరునాడు పెట్టెను బీరువా మీద నుంచి దించి దుమ్ము తుడుస్తుంటే ఏడుపొచ్చింది. వెక్కివెక్కి ఏడ్చాను. ఇది నేను ఊహించలేదు. రంగులేసినవాళ్లు నాకు ఇవ్వాల్సిన రాత్రులన్నీ ఇచ్చేశారు. ఆ పెట్టె ఇంకా ఏమీ ఇవ్వలేదు. నేనూ బాబూ నేల మీద చాప పరుచుకుని, వాడు చక్రాలు, నేను ఫిరంగి అతికించే సెలవులు కొన్ని అందులో ఉన్నాయనుకున్నాను. ఎవరైనా ఇలాంటివి వదులుకోవాల్సొస్తే ముందే చెబుతున్నాను: చేసినవి పంపేటప్పుడు కాదు, చేయనివి పంపేటప్పుడు పక్కన ఎవరినన్నా ఉంచుకోండి. మా ఆయన వచ్చి పెట్టె ఆయనే కట్టారు, ఆయనే వెళ్లి 29న పంపించి వచ్చారు.

సైన్యానికి మాత్రం పదకొండు రోజులు ఒక్క ఫోనూ లేదు. ఫిబ్రవరి 6 నుంచి మెసేజీలు మొదలయ్యాయి. ఒకరికి ట్యాంకులు మాత్రమే కావాలి. ఒకరు "ఇప్పుడు ఇట్లాంటివి త్రీడీ ప్రింటర్లోనే తీసుకోవచ్చు కదా, పది వేలకిస్తారా" అన్నారు. ఇంకొకరు అన్నింటికీ ఒప్పుకుని చివర్లో "రంగు తీసేసి ఇవ్వగలరా, నేను వేరే రంగు వేసుకుంటాను" అని అడిగారు. తీయడం నాకు తెలుసు. డెట్టాల్‌లో ఒక పూటంతా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వచ్చేస్తుంది, నీళ్లు తగలకుండా ముందు డెట్టాల్‌తోనే కడగాలి, నీళ్లు పడితే రంగు జిగురు ముద్దలా పట్టేస్తుంది. సెకండ్‌హ్యాండ్ బొమ్మలకు ఎన్నోసార్లు చేశాను. 124 మొహాలు నా చేత్తో చెరిపే ఓపిక మాత్రం లేదు. లేదని రాసి ఊరుకున్నాను.

ఆశ తగ్గిపోయి బాసిలిస్క్ ఒక్కదాన్ని విడిగా ఇచ్చేశాను, 2,800కి పుణెకి. కొరియరు ఖర్చు 420. ఆరో రోజున ఫొటో వచ్చింది: పొడవాటి ఫిరంగి గొట్టం రెండు ముక్కలు, వెనక తలుపు ఊడి ఎక్కడో పడింది. పెట్టె మూల నొక్కుకుపోయి ఉంది. కొరియరువాళ్లు తమ పూచీ లేదన్నారు. 1,000 రూపాయలు తిరిగి పంపాను. ఆ రాత్రి అనుకున్నాను, వీళ్లను ఇక విడదీయకూడదు, ఎవరొచ్చినా చేతికే ఇవ్వాలి.

ఫిబ్రవరి 19న ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. బెంగుళూరులో ఉద్యోగం, వాళ్ల అమ్మమ్మది కావలి. "అక్కా, ఆ రాళ్లు దేనితో చేశారు?" అన్నది మొదటి ప్రశ్న. ధర అడగలేదు. పలక అని చెప్తే కాసేపు మాట్లాడలేదు. రెండుసార్లు వీడియోలో చూశాడు. 32,000కి కుదిరింది. "నేనే వస్తా, కొరియరు వద్దు" అన్నాడు. మార్చి 8 శనివారం అని అనుకున్నాం.

అంతవరకు సర్దే పని. 2019లో స్టోన్‌హౌస్‌పేట నుంచి వేదాయపాళెం మారినప్పుడు బబుల్ ర్యాపర్ చుట్టి చేతులు కాల్చుకున్నాను. రోహిణీ కార్తె ఎండకు వార్నిష్ మెత్తబడి ట్యాంకుల మీద గుండ్రటి అచ్చులు పడిపోయాయి. దూది చుడితే పోగులు బాయినెట్లకు చిక్కుకుంటాయి. కాబట్టి ఈసారి అయస్కాంతాలు. చిన్న చిన్న బిళ్లలు, ఒక్కోటి ఆరు రూపాయలు, 140 తెప్పించాను. ప్రతి బేస్ కింద ఒకటి అతికిస్తే సైనికుడు ఇనప రేకు మీద నిలబడతాడు, తలకిందులు చేసినా రాడు. మొదట వంటింట్లో స్టీలు డబ్బాలో పెట్టి చూశాను, పట్టుకోలేదు. మా ఇంట్లో ఏ స్టీలు డబ్బాకూ పట్టుకోలేదు. ట్రంకురోడ్డులో దుకాణానికి ఒక అయస్కాంతం తీసుకెళ్లి, మామూలు రేకు ట్రంకుపెట్టెకు తగిలిస్తే టక్కున అతుక్కుంది. 1,450 పెట్టి కొన్నాను. హాస్టలుకెళ్లే పిల్లలకు కొనే నీలం రంగు పెట్టె. పెద్ద తుపాకుల జట్లకు రెండేసి బిళ్లలు పట్టాయి. ట్యాంకులకు పరుపుల దుకాణంలో ఫోము ముక్కలు, 200. బిళ్లలు అతికించడానికి ఐదు సాయంత్రాలు పట్టింది, ఇరవై నిమిషాల చొప్పున, తల వంచకుండా. ఒక వరుస బాబే అతికించాడు.

ఆ సాయంత్రాల్లోనే ఒకణ్ణి పక్కకు తీశాను. నాటింగ్‌హామ్‌లో నేను మొట్టమొదట రంగేసిన సార్జెంటు. రంగు మందంగా పడి బుగ్గలు ఉబ్బినట్టుంటాయి, ఎడమ కన్ను నుదుటి మీదికి వెళ్లిపోయింది. వాణ్ణి దేవుడి గది గూట్లో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ అబ్బాయి రాత్రి బస్సెక్కి పొద్దున్నే మినీ బైపాస్‌లో దిగి ఆటోలో వచ్చాడు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. అత్తయ్య మాట్లాడనివ్వలేదు, "మొగం కడుక్కుని తిను నాయనా, ముందు" అని కారందోశెలు వేశారు. తిన్నాక చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు బల్ల దగ్గరికొచ్చాడు. "ముట్టుకోవచ్చా అక్కా?" అనడిగి, ఒక సైనికుణ్ణి తుపాకి దగ్గర కాదు, తల దగ్గర కాదు, బేస్ అంచుల్ని రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తి, కిటికీ వెలుగులో చుట్టూ తిప్పి చూసి, ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టాడు. నా పదమూడేళ్ల పనిని నెల్లూరులో అలా పట్టుకున్నవాళ్లు మా తమ్ముడు తర్వాత ఇతనే.

లెక్కపెట్టుకుంటూ మూడో జట్టు దగ్గర ఆగాడు. "వీళ్లు తొమ్మిది మందే ఉన్నారక్కా."

ఇంపీరియల్ గార్డులో జట్టంటే పదిమంది, సార్జెంటు, తొమ్మిది మంది సిపాయిలు. ఆ సంగతి నాకు తెలియక కాదు. గూట్లోంచి తెచ్చి ఇచ్చాను. మొదటివాడని చెప్పాను. అతను వెంటనే "అయితే ఉంచుకోండక్కా, నేను వేరేవాణ్ణి పెట్టుకుంటా" అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య ఏమీ అనలేదు, నావైపు చూశారంతే. "వాడికి డబ్బు లెక్కేసుకోకు, వాణ్ణి ఇస్తున్నా" అన్నాను. వెయ్యి రూపాయలు వెనక్కిచ్చాను. ఇద్దరం కాసేపు పోట్లాడుకుని ఐదొందల దగ్గర ఆగాం.

తన సంచిలో పది మంది స్పేస్ మెరీన్లను తెచ్చుకున్నాడు. 2009 నాటి నా గార్డు పుస్తకంలోని పాత నిబంధనలతో ఒక్క ఆట ఆడాం. అతనికి అవి కొత్త, నాకు కంఠస్థం. ఆ నిబంధనల్లో కాడియా సిపాయి తుపాకి గుండు మెరీన్‌ను పడగొట్టాలంటే పద్దెనిమిదింటికి ఒకటి. దగ్గరికొచ్చేదాకా ఆగి, ఆఫీసరు చేత ఆజ్ఞ ఇప్పిస్తే ఒక్కో సిపాయి మూడేసి గుండ్లు పేలుస్తాడు. మూడో జట్టులో తొమ్మిది మంది సిపాయిలు, 27 పాచికలు. బాబు రెండు చేతులా పట్టక మూడుసార్లుగా వేశాడు. మెరీన్లు ముగ్గురు పడ్డారు. ఒకరిద్దరు పడితే ఎక్కువనుకున్నాం. బాబు అరిచిన అరుపుకి అత్తయ్య గరిటెతో బయటికొచ్చారు. తర్వాత మిగిలిన ఏడుగురూ వచ్చి మూడో జట్టును తుడిచిపెట్టేశారు, సార్జెంటు అందరికన్నా చివర పోయాడు. ఆట ఓడిపోయాను.

మధ్యాహ్నం రెండింటికి ట్రంకు మూత వేశాం. లోపల రేకు మీద 124 మందీ నిలబడే ఉన్నారు. ఆటోలో ట్రంకు అతని ఒళ్లో పెట్టుకోవడానికి పట్టలేదు, కాళ్ల మధ్య పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. అత్తయ్య అరిసెల పొట్లం అతని సంచిలో పెట్టారు. నాకు ఏడుపు రాలేదు. సాయంత్రం అద్దాల బీరువా తెరిస్తే దుమ్ములో వరుసలు వరుసలుగా గుండ్రటి శుభ్రమైన మచ్చలు ఉన్నాయి. వాటిని నాలుగు రోజులు తుడవలేదు. ఐదో రోజు పనమ్మాయి తుడిచేసింది.

డబ్బు లెక్క: వచ్చినవి 44,300. అయస్కాంతాలు, ట్రంకు, ఫోము, రెండు కొరియర్లు, పుణెకి తిరిగి పంపింది, సార్జెంటు మీద తగ్గించింది పోగా చేతికి మిగిలింది దాదాపు 39,000. పెట్టినదానిలో మూడోవంతు. నాకది తక్కువ అనిపించలేదు.

రంగు సీసాలు 46 ఉంటే తెరిచి చూస్తే 19 ఎండిపోయాయి. మంచివి బాబు స్కూలు డ్రాయింగు టీచరుకిచ్చాను. కుంచెలు మాత్రం ఆలోచించాను. సేబుల్ వెంట్రుకల సన్న కుంచెలు, వాటిని పిల్లలకిస్తే వారంలో పాడవుతాయి. మద్రాసు బస్టాండు దగ్గర బండ్లకు నంబర్లు రాసే పెద్దాయన గుర్తొచ్చాడు. ఒకటో నంబరు కుంచె చేతికివ్వగానే నీళ్లలో ముంచి, కొసను పెదవుల మధ్య పెట్టి లాగి, రేకు ముక్క మీద ఒక గీత గీశాడు. వెంట్రుకంత గీత, మొదటినుంచి చివరిదాకా ఒకే సన్నం. "ఎక్కడిదమ్మా ఇది?" అన్నాడు. చెప్పాను. ఏమీ అనకుండా ఇంకో గీత గీశాడు.

మే 3న ఆ అబ్బాయి ఫొటో పంపాడు. బస్సు కుదుపులకు ఒక కిమేరా గొలుసు ఊడిందట, ఆకుపచ్చ దగ్గర కాస్త పెచ్చు లేచింది. అతికించాడు, రంగు మాత్రం కలవడం లేదు. కింద ఇంకో ఫొటో: కొత్త అచ్చులో కొన్న పది మంది కాడియావాళ్లు, ఇంకా బూడిద రంగులోనే, నా మూడో జట్టు వెనక వరుసగా నిలబడి ఉన్నారు. "వీళ్లూ మనవాళ్లలాగే ఉండాలక్కా. ఎట్టా వేశారు?"

రంగుల పుస్తకం ఇవ్వడం మర్చిపోయాను. అటక మీద నుంచి దింపి ఆ పేజీ ఫొటో తీసి పంపాను. నా దస్తూరీ అర్థం కాదేమోనని కింద టైపు చేశాను:

"కాస్టెలన్ గ్రీన్ రెండు పూతలు, నీళ్లు కలిపి పల్చగా. ఆరాక నల్న్ ఆయిల్, అదే నీడల కోసం వేసే పల్చటి నలుపు, మడతల్లోకి మాత్రమే. మళ్లీ అదే ఆకుపచ్చ, ఎత్తుగా ఉన్నచోట్ల. మొహానికి కాడియన్ ఫ్లెష్‌టోన్, కళ్లు వేయకపోయినా పర్లేదు, నీడ చాలు. నల్ల పలక ఎక్కడ దొరికినా ఫర్వాలేదు. ఇసుక నేను పంపుతా. ఈసారి మైపాడు వెళ్లినప్పుడు తెచ్చి, మూడుసార్లు కడిగి, ఎండబెట్టి పంపుతా."